ఎర్రదారం పుల్లలు

షౌఫెంగ్,
మార్చి, 2013.

లాన్‌కి,

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. మా ఇంట్లో ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది. గల్లాపెట్టె పక్కన మా అత్తగారు ఉంటారు. పోనీ సెల్లులో మాట్లాడదామంటే నువ్వు మూడుసార్లు ‘ఊఁ’ అని పెట్టేస్తావు. సిస్టర్ల హాస్టలుకి వెళ్ళినప్పటి నుంచీ నీ నోరు కాగితం మీదే విప్పుకుంటుంది. కాబట్టి కాగితమే.

మూడేళ్ళుగా వేసుకుంటున్న నా మాత్రలు వచ్చే నెలతో ఆఖరు. బీమా ఇంతవరకే ఇస్తుంది. డాక్టరు గారు, ‘ఆపి చూద్దాం. కొందరిలో మాత్ర ఆపాక ఒంట్లోని టి కణాలే మేలుకుని పని చూసుకుంటాయి. కొందరిలో వైరస్ మళ్ళీ లేస్తుంది. తరచూ రక్తం చూపించుకుంటూ ఉంటే భయం లేదు’ అన్నారు. డాక్టరు నోట ‘భయం లేదు’ అని వింటే నాకు చెమటలు పడతాయి. మామయ్యకీ అలాగే చెప్పారు. నలభై దాటకుండానే లివరులో గడ్డతో పోయాడు.

సొంత డబ్బుతో కొనుక్కోవచ్చు కదా అంటావు. ఎందుకని ఇంట్లో అడుగుతారు. ఈ ఇంట్లో నా హెపటైటిస్ బి సంగతి మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. మా కొట్టు మీది బోర్డు నువ్వు చూశావు కదా, ‘లివరుకి మేలు చేసే గుల్లల రసం’ అని. కోడలి లివరే బాగాలేదంటే ఊరు నవ్వదూ?

నువ్వు రోజంతా ల్యాబులో ఆ టి కణాలనే చూస్తూ కూర్చుంటావు. నాకు అర్థమయ్యేలా రాయి. నా లోపల ఏం జరగబోతోంది?

అమ్మకి చెప్పకు.

హ్వా


తైపెయ్,
మార్చి.

అక్కకి,

ఉత్తరంలో ముందు ఎదుటివారి క్షేమం అడగాలని సిస్టర్ ఆగ్నెస్ నేర్పింది. అడుగుతున్నాను. జవాబంటే మాత్రం భయంగా ఉంది.

వైరస్ తనంతట తాను కాలేయాన్ని పెద్దగా పాడు చేయదు. కణాల్లో దూరి చప్పుడు లేకుండా కాపురం ఉంటుంది. అది దూరిన కణాలను వెతికి చంపేది మన టి కణాలే. పెద్దయ్యాక సోకినవాళ్ళలో చాలామందికి అవి కొన్ని నెలల్లోనే ఇల్లు ఖాళీ చేయిస్తాయి. నీకు పుట్టుకలోనే అమ్మ నుంచి వచ్చింది. నీ టి కణాలు కళ్ళు తెరిచేసరికే అది ఇంట్లో ఉంది. చుట్టమో దొంగో కొన్ని తేల్చుకోలేకపోయాయి. తేల్చుకున్నవి పోరాడి పోరాడి అలసిపోయాయి. మా ప్రొఫెసరమ్మ వాటిని ‘ఏళ్ళ తరబడి డ్యూటీ దిగని కాపలావాళ్ళు’ అంటుంది.

ఇన్నాళ్ళూ మాత్ర వైరస్‌ని అణిచి ఉంచింది. ఆపితే అది లేస్తుంది. దాన్ని చూసి కాపలావాళ్ళకి ఊపు వస్తే కాలేయ కణాలు చస్తాయి, నీ రక్తపరీక్షలో ఎంజైము అంకె పెరుగుతుంది. కొంత పెరగడం మంచికే కావచ్చు. అదుపు తప్పి పెరిగితే, దొంగని వెళ్ళగొట్టబోయి ఇల్లే తగలబెట్టినట్టు అవుతుంది. మొదట్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ అంకె మనకున్న గంట. అది మోగుతోందో లేదో వినడానికి నువ్వు ఆసుపత్రికి వెళ్తూనే ఉండాలి. ఒక్కసారి కూడా మానకు.

నిన్న క్యాంటీనులో ఒకావిడ తను అన్నం తినే పుల్లలతో చేపముక్క తీసి కూతురి గిన్నెలో పెట్టింది. నేను చూస్తూ ఉండిపోయాను. మన ఇంట్లో అమ్మ పుల్లలకీ నీ పుల్లలకీ ఎర్రదారం ఉండేది, నావి ఉత్తవి. మీరిద్దరూ ఒక జట్టనీ నన్ను వేరు పెట్టారనీ ఏడ్చేదాన్ని. నేను పుట్టడానికి ముందు ఏడాదే పసిపిల్లలకి ఈ జబ్బు అంటకుండా సూది వేయడం మొదలుపెట్టారని తర్వాతెప్పుడో తెలిసింది. నీకూ నాకూ తేడా నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళ మధ్యలో వచ్చింది ఆ సూది.

లాన్


షౌఫెంగ్,
మే.

లాన్‌కి,

దారం గుర్తులేకేం. ఒకసారి నువ్వు నా దారం దొంగిలించి నీ పుల్లలకి కట్టుకున్నావు. అమ్మ నిన్ను కొట్టింది. నువ్వు పక్కింటికి పారిపోయావు. తర్వాత అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. అది నీకు తెలియదు, నేను చూశాను.

మాత్ర ఆపేశాను. మొదటి వారం పొద్దున్నే చెయ్యి అలవాటుగా డబ్బా దగ్గరికి వెళ్ళేది. ఇప్పుడు వైరస్ లేచిందట. అంకె కూడా కొంచెం పెరిగింది. డాక్టరు గారు ‘చూద్దాం’ అన్నారు. ఆయన ‘చూద్దాం’ అన్నప్పుడల్లా నేను ఆయన మొహం చూస్తాను, ఆయన కంప్యూటరు చూస్తారు.

ఒంట్లో ఏమీ తెలియడం లేదు. అదే భయం. చెరువులో గుల్లలు కదుపుతూ, ఇప్పుడు లోపల ఎవరు ఎవరిని చంపుతున్నారో అనుకుంటాను. మీ బావ ‘ఏంటి ఆలోచన’ అంటే ‘నీళ్ళలో ఉప్పు ఎక్కువైందా అని’ అన్నాను. ‘ఇది మంచినీళ్ళ చెరువు’ అన్నాడు. పదేళ్ళుగా గుల్లలు పెంచుతున్నదాన్ని, ఆ మాత్రం అబద్ధం కూడా రాలేదు.

మీ ప్రొఫెసరమ్మకి నాలాంటివాళ్ళ రక్తం కావాలని ఇదివరకెప్పుడో అన్నావు కదా. వచ్చే వారం తైపెయ్ వస్తాను. ఇస్తాను. నువ్వు మాత్రం సూది గుచ్చకు, నీ చేతులు వణుకుతాయి.

హ్వా


తైపెయ్,
జూన్.

అక్కకి,

మా దగ్గరికి వచ్చే రక్తం గొట్టాల మీద పేర్లు ఉండవు. ఎవరివో మాకు తెలియకూడదు. అయినా నువ్వు రక్తమిచ్చిన ఉదయం వచ్చింది ఒక్కటే గొట్టం. నాకు తెలుసని ప్రొఫెసరమ్మకి చెప్పేశాను. ‘అయితే లెక్కలు ఇంకొకరు చూస్తారు, నువ్వు ఊరికే చూడు’ అంది.

చూశాను. కణాలను చిన్న గుంటల పళ్ళెంలో పోసి వైరస్ ముక్కలు చూపిస్తాం. గుర్తుపట్టి మేలుకున్న ప్రతి టి కణం దగ్గరా ఒక నీలిచుక్క పడుతుంది. జబ్బు నుంచి పూర్తిగా బయటపడ్డవాళ్ళ పళ్ళెంలో జోరువాన పడ్డట్టు ఉంటుంది. నీలా పుట్టుకతో వచ్చినవాళ్ళది చాలాసార్లు పొడినేల. నీ పళ్ళెంలో మొదటి చినుకులు పడ్డాయి అక్కా.

భోంచేయకుండా హాస్టలు గదికి వచ్చి కూర్చున్నాను. సంతోషమో భయమో తెలియలేదు. అవి మేలుకుంటే నీ కాలేయంలోనే కదా యుద్ధం. అంకె ఎంతుందో వెంటనే రాయి.

లాన్


షౌఫెంగ్,
జూలై.

లాన్‌కి,

అంకె మూడొందలు దాటింది. మామూలుగా నలభైలోపు ఉండాలట. డాక్టరు గారు ఇప్పుడు నా మొహం చూసే మాట్లాడుతున్నారు. ‘ఇంకొంచెం పెరిగితే మాత్ర మళ్ళీ మొదలుపెడదాం. ఇప్పుడే పెడితే మేలుకున్నవి మళ్ళీ పడుకుంటాయేమో. వారం వారం రండి’ అన్నారు. నీ చినుకుల సంగతి చెప్పాను. నవ్వారు. అంతే.

అమ్మకి తెలిసిపోయింది. ఖాళీ అయిన మాత్రల డబ్బాలో నేను గుండీలు వేసి పెట్టుకుంటే, అమ్మ తీసి చూసింది. ‘మాత్రలేవే?’ అంది. ‘ఆపమన్నారు’ అన్నాను. ‘ఆపమనడానికి వాడెవడు, మా తమ్ముడికీ అన్నీ ఆపమనే చెప్పారు’ అంది. కూర్చుని నచ్చచెప్పాను. విన్నట్టే ఉంది. ఇప్పుడు రోజూ హ్వాలియెన్ నుంచి బస్సులో వస్తోంది. వండి పెడుతోంది. మా అత్తగారు ‘మీ అమ్మకి నా వంట మీద నమ్మకం లేదా’ అంటున్నారు. వీళ్ళిద్దరి మధ్య నా లివరు ఒక లెక్కా.

నిద్ర పట్టడం లేదు. నువ్వు మాత్రం ధైర్యంగానే రాయి.

హ్వా


తైపెయ్,
జూలై.

అక్కకి,

ధైర్యంగా రాయమన్నావు. మూడు కాగితాలు చింపాను.

వారం వారం వెళ్ళు. ఇంకేమీ రాయలేను.

లాన్


షౌఫెంగ్,
ఆగస్టు.

లాన్‌కి,

తగ్గింది. అంకె సగానికి సగం తగ్గింది. డాక్టరు గారు రెండుసార్లు చూసి, ‘వైరస్ ఇంకా ఉంది కానీ అంకె మంచి దారిలో పడ్డట్టుంది, మళ్ళీ వారం రండి’ అన్నారు. మీ బావ చెరువుగట్టు మీద పాట పాడాడు. గుల్లలు మూతులు మూసుకున్నాయి.

అమ్మ మొహం నువ్వు చూడాల్సింది. చిన్నపిల్లలా ఆ పరీక్ష కాగితం పట్టుకుని అంకె మీద వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

పంచాంగం ప్రకారం ఏడో నెల మొదలైంది కదా, దయ్యాలు పైకి వచ్చే గుమ్మం నెలంతా తెరిచే ఉంటుంది. ఈ నెల ఆసుపత్రి గడప తొక్కొద్దని అమ్మ పట్టు. నావి మామూలు పరీక్షలనుకునే మా అత్తగారు కూడా ఈ ఒక్క విషయంలో అమ్మతో కలిశారు. ‘ఒంట్లో బాగున్నవాళ్ళు ఏడో నెలలో ఆసుపత్రికి ఎందుకు’ అన్నారు. ఇప్పుడు తగ్గుతోంది కాబట్టి నెల వెళ్ళాక వెళ్తాను. ఇటు గుల్లలు తీసే పని కూడా ఉంది.

నీ చినుకులు వానయ్యాయంటావా?

హ్వా


తైపెయ్,
ఆగస్టు.

అక్కకి,

నీ ఉత్తరం చదివి ఒక పూట సంతోషంగా ఉన్నాను. ప్రార్థన కూడా చేశాను, చాలా రోజుల తర్వాత.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. అది పోవడం లేదు. పోరు ముగిసి అంకె దిగితే వైరస్ కూడా దిగాలి. నీకు వైరస్ అలాగే ఉందన్నావు. అంకె మాత్రం అంత త్వరగా సగానికి ఎలా దిగింది? ప్రొఫెసరమ్మని అడిగాను. ఆవిడ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి ‘ఆమె ఏం తాగుతోంది?’ అంది.

ఏం తాగుతున్నావు?

గుల్లల రసం కాదు, అది నువ్వు పదేళ్ళుగా తాగుతున్నావు. కొత్తగా ఏదైనా? అమ్మ రోజూ ఏం వండి తెస్తోంది? లేదని రాయకు. నువ్వు అబద్ధం ఆడితే అక్షరాలు పెద్దవవుతాయి, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పోయిన ఉత్తరంలో పెద్దగా ఉన్నాయి.

నెల పూర్తయ్యేదాకా ఆగకు. రేపే ఆసుపత్రికి వెళ్ళు.

లాన్


షౌఫెంగ్,
ఆగస్టు చివర.

లాన్‌కి,

అక్షరాలు చిన్నవిగా రాస్తున్నాను, చూసుకో.

అయిదు రుచుల పండ్లు. ఎర్రగా ఎండిపోయి ఉంటాయి. అమ్మ మూలికల కొట్టు ముసలాయన దగ్గర తెచ్చింది. ‘లివరు అంకె ఎంతున్నా దించేస్తుంది’ అన్నాడట. పొడి కొట్టి, మరిగించి, ఫ్లాస్కులో తెస్తుంది. పుల్లగా, ఉప్పగా, చేదుగా, ఒక్క గుక్కలో అన్నీ ఉంటాయి. ముసలాయన మాట తప్పలేదు, అంకె దించాడు.

మొదటిరోజు వద్దన్నాను. నువ్వు కోప్పడతావన్నాను కూడా. అమ్మ కప్పు కింద పెట్టలేదు. ‘నా ఒంట్లోంచి నీకు వచ్చింది. నా చేత్తోనే పోనీ’ అంది. ముప్పై ఏళ్ళలో అమ్మ ఆ మాట అనడం అదే మొదలు. ఆ తర్వాత కప్పు ఎలా తోసేయను చెప్పు. నువ్వయినా తాగేదానివి.

ఆసుపత్రికి ఇంకా వెళ్ళలేదు. అమ్మ ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు. అంకె మళ్ళీ పెరిగిందని చెబితే అమ్మ ఏమవుతుందోనని.

ఇంకొకటి. ఒళ్ళంతా దురద. గుల్లల వాసన పడటం లేదు, గట్టు మీదే డోకు వస్తోంది. మొన్న మీ బావ దీపం దగ్గర నా గడ్డం పట్టుకుని ‘కళ్ళు పచ్చగా ఉన్నాయేం’ అన్నాడు. దీపం రంగు అన్నాను. పొద్దున్న కిటికీ దగ్గర అద్దంలో చూసుకున్నాను.

దీపం రంగు కాదు.

వారంలో నెల అయిపోతుంది. అంతవరకు ఆగితే పరవాలేదా చెల్లీ?

హ్వా


తైపెయ్,
సెప్టెంబరు.

అక్కకి, ఆసుపత్రి మంచానికి,

సెలవు అయిపోయి నిన్ననే తిరిగి వచ్చాను. అక్కడున్నప్పుడు నువ్వు సగం నిద్రలో ఉన్నావు. ఏం జరిగిందని ఇప్పుడు అడుగుతున్నావని బావ చెప్పాడు. రాస్తున్నాను.

నీ ఉత్తరం అందగానే మీ ఇంటికి ఫోను చేశాను. మీ అత్తగారు ఎత్తారు. నేను ఆవిడతో అంత గట్టిగా ఎలా మాట్లాడానో నాకే తెలియదు. ‘అక్కని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఏడో నెల అయినా సరే, తనకి పుట్టినప్పటి నుంచీ హెపటైటిస్ బి’ అన్నాను. వెంటనే ఆవిడ ‘వ్యాను తీయరా’ అని బావని కేకేయడం వినిపించింది. నీ గుట్టు బయటపెట్టాను. క్షమించు.

నేను రైలు దిగేసరికి మాత్ర మొదలుపెట్టేశారు. ఆ పండ్లలో ఉన్న మందు ఎంజైము అంకెని దించుతుందట. లోపలి పోరుని ఆపదు. టి కణాలు కాలేయాన్ని నరుకుతూనే ఉన్నాయి, మనకి మాత్రం గంట నాలుక కట్టేసినట్టు అయింది. పచ్చకామెర్లు ముదిరాయి. రక్తం గడ్డకట్టడం ఆలస్యమైంది. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, ‘ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మరొకరి కాలేయం కోసం వెతకాల్సి వచ్చేది’ అన్నారు. రక్తం ఇప్పుడు సరిగా గడ్డకడుతోంది. ప్రమాదం దాటినట్టే. ఇది ధైర్యం కోసం రాయడం లేదు, ఆయన మాటే.

అమ్మ వరండాలో గోడకి ఆనుకుని నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ‘అంకె దిగింది కదే. నా కళ్ళతో చూశాను కదే. దిగినదానికి ఇలా ఎందుకయింది?’ అంది.

నాకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ‘మాత్ర వేశారమ్మా, తగ్గుతుంది’ అన్నాను. ఫ్లాస్కు ఆమె సంచిలోనే ఉంది. మూత కనిపిస్తోంది.

చెప్పాలా వద్దా, నువ్వే తేల్చు.

లాన్


షౌఫెంగ్,
నవంబరు.

లాన్‌కి,

ఇంటికి వచ్చాను. కళ్ళు తెల్లబడ్డాయి. బీమా మళ్ళీ మాత్రలు ఇస్తోంది. మా అత్తగారు ‘పదేళ్ళు నా గుల్లల రసం తాగి ఇదేం పని చేశావే’ అన్నారు. మర్నాడు పెయింటరుని పిలిపించి బోర్డు మీద ‘లివరుకి’ అన్న చోట ‘ఒంటికి’ అని రాయించారు. నా గిన్నె వేరు పెట్టలేదు.

అమ్మకి చెప్పాను.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ పోయిన వారం కొత్త పొట్లం తెచ్చింది. ‘ఆసుపత్రి మందు దారి దానిది, ఇది దీని దారి’ అని నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. వెళ్ళి పొయ్యి ఆపేశాను. అంతా చెప్పాను, నువ్వు నాకు రాసినట్టే. కాపలావాళ్ళు, గంట, గంట నాలుక. ఇది పుట్టినప్పుడు రక్తంతో వచ్చేదే తప్ప కలిసి తింటే వచ్చేది కాదని కూడా చెప్పాను.

పండ్ల గురించి ఏమైనా అంటుందని చూశాను. అనలేదు. ‘ఒకే గిన్నెలో తిన్నా రాదా?’ అంది. రాదన్నాను. ‘పుల్లలు మారినా?’ అంది. రాదన్నాను. ‘అప్పట్లో రేడియోలో అలా చెప్పలేదే’ అంది. పొట్లం సంచిలో పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ రావడం లేదు. ఫోను చేస్తే ‘పనుంది’ అంటోంది. నేను చెప్పింది తప్పా?

శీతాకాలం పండుగకి నువ్వు రా. నువ్వు వస్తే అమ్మ వస్తుంది.

ఇంకో మాట. మళ్ళీ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి నా కాపలావాళ్ళు ఓడిపోయినట్టేనా?

హ్వా


తైపెయ్,
డిసెంబరు చివర.

అక్కకి,

ముందు నీ ప్రశ్న. డాక్టరు గారు నీ కాగితాలు ప్రొఫెసరమ్మకి చూపించమన్నారు కదా, చూపించాను. వైరస్ పూర్తిగా పోలేదు. అయితే రక్తంలో తిరిగే దాని పైపొర ముక్కలు మాత్రం పోయిన ఏడాదితో పోలిస్తే బాగా తగ్గాయి. మాత్ర ఒక్కదానితో అంతగా తగ్గవట. అది నీ కణాల పనే. నిన్ను చంపబోయినవీ అవే. ఇప్పుడు మళ్ళీ కాపలాలో ఉన్నాయి, వైరస్ అణిగి ఉంది, నువ్వు ఉన్నావు. ఆవిడ దీన్ని గెలుపనీ అనలేదు, ఓటమనీ అనలేదు. ‘మాత్ర మానొద్దని చెప్పు’ అంది.

నువ్వు అమ్మకి చెప్పింది తప్పు కాదు. ఎందుకంటున్నానో రాస్తాను. నీకు తెలియని సంగతి ఒకటి ఉంది.

పండుగనాడు నువ్వు ఉండ్రాళ్ళ పాయసం తేవడానికి లోపలికి వెళ్ళావు. మీ అత్తగారు కొట్టులో ఉన్నారు. బల్ల దగ్గర నేనూ అమ్మా. అమ్మ తన పుల్లలు ఇంటి నుంచే తెచ్చుకుంది, గుడ్డలో చుట్టి. దారం లేదు. దారం ఉన్నచోట కర్ర మాత్రం తెల్లగా, సన్నగా అరిగి ఉంది.

మధ్యలో చేప ఉంది. అమ్మ పొట్ట దగ్గరి ముక్క తీసింది. వడ్డించే పుల్లలతో కాదు, తన వాటితో. తీసి, గాలిలో ఆపింది. నా వైపు చూడలేదు. నేను గిన్నె ముందుకి జరిపాను, చప్పుడు కాకుండా.

‘ముళ్ళుంటాయి, చూసుకుని తిను’ అంది. గిన్నెలో పెట్టింది.

నువ్వు పాయసంతో వచ్చి ‘ఏంటే, ఏడుస్తున్నావా’ అన్నావు. ఆవిరి అన్నాను.

అక్కా, ఆ ముక్కలో ముళ్ళు లేవు. అన్నీ అమ్మ ముందే తీసేసింది.

లాన్